తిరుపతిలోనే సెలవులు: ఇంటిపట్టున, తక్కువ ఖర్చుతో ఐదు రోజులు గడపడం ఎలా?

ఎండాకాలం వచ్చిందంటే నన్ను అందరూ ఇదే అడుగుతారు: "ఊటీకి పోయేంత డబ్బు లేదు, పిల్లలేమో ఊరుకోరు. ఇంట్లోనే ఉండి సెలవుల్లా గడపాలంటే ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది తిరుపతి ఎండకు, తిరుపతి ఇళ్లకు సరిపోయేలా రాసింది. చిత్తూరు, పీలేరు, పుత్తూరు వైపు వాళ్లు చూడాల్సిన చోట్లు మార్చుకుంటే చాలు.

ముందుగా ఒక మాట. ఇంట్లో గడిపే సెలవులు చెడిపోయేది చూడ్డానికి ఏమీ లేక కాదు. ఆ ఐదు రోజులూ వంటింట్లో ఒక మనిషి మామూలుగానే నిలబడి ఉంటుంది, హాల్లో ఇంకో మనిషి ఆఫీసు ఫోను మాట్లాడుతూనే ఉంటాడు. అలాంటప్పుడు అది పిల్లలకు బడి సెలవు అవుతుంది గానీ ఇంటికి సెలవు కాదు. కింద చెప్పిన పనుల్లో సగం చేయలేకపోయినా ఫరవాలేదు, రెండో మెట్టు మాత్రం వదలకండి.

కావాల్సినవి

- వరసగా ఐదు రోజులు. ఆఫీసు సెలవు కనీసం మూడు రోజులైనా దొరకాలి.
- ఒక కవరులో మూడు వేల రూపాయల నగదు (నలుగురికి). నేను వేసుకునే లెక్క ఇది: బయట టిఫిన్లకు 600, మామిడిపండ్లు, ముంజలు, ఐసు, షర్బత్‌కు 700, ఒక పూట బయటికి పోయి రావడానికి 900, సుద్దముక్కలు, చార్టులు లాంటి చిల్లరకు 100, అనుకోని ఖర్చుకు 700. మీ ఇంటికి తగ్గట్టు పెంచుకోండి, తగ్గించుకోండి. ఫోన్ పేతో కడితే లెక్క తెలియదు, అందుకే నగదు.
- మిద్దె మీద పరచడానికి రెండు చాపలు, పాత జంపఖానాలు, ఒక దోమతెర.
- సుద్దముక్కలు, గుప్పెడు చింతగింజలు, గవ్వలు.
- ఒక గంప లేదా డబ్బా. ఇది ఫోన్లకు.

1. తేదీలు ఖాయం చేసి, బంధువులకు ముందే చెప్పండి

ఇది మన ఊరికే ఉన్న చిక్కు. ఎండాకాలం సెలవుల్లో తిరుపతిలో సొంతిల్లు ఉందంటే అది సగం సత్రమే. మీరు చాప పరిచి కూర్చున్న పూటే హైదరాబాదు నుంచి చిన్నాయన ఫోన్ చేస్తాడు: "రేపు పొద్దున రైలు దిగుతున్నాం, దర్శనం టికెట్లు ఏమైనా చూసిపెడతావా అబ్బోడా?" అక్కడితో మీ సెలవు అయిపోయింది.

కాబట్టి రెండు వారాల ముందే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మేము ఊళ్లో ఉండము. ఆ తరువాత ఎప్పుడైనా రండి, ఇల్లు మీదే." అబద్ధం చెప్పడం ఇష్టం లేనివాళ్లు "ఆ ఐదు రోజులు మాకు వేరే పని ఉంది" అనండి. మీ సెలవు కూడా పనే కదా. రమ్మనే తేదీ కూడా అందులోనే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

అయినా వచ్చేస్తే? పంపించలేం కదా. ఆ రోజును లెక్కలోంచి తీసేసి చివర ఒక రోజు కలుపుకోండి. వచ్చినవాళ్ల పిల్లల్ని ఆటల్లోకి లాగేయండి, పులిజూదానికి జనం ఎక్కువైతే మంచిదే.

శని, ఆదివారాలు మధ్యలో పడేలా తేదీలు వేసుకోకండి. ఊరంతా యాత్రికులతో నిండి ఉంటుంది, ఆటో కూడా దొరకదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పెట్టుకుంటే హాయి.

2. వంట చేసే మనిషికి మొదట సెలవు ఇవ్వండి

ఇంట్లో వంట ఎవరు చేస్తారో వాళ్లు ఐదు రోజుల్లో కనీసం రెండు రోజులు పొయ్యి ముట్టకూడదు. ఇది దయతో ఇచ్చేది కాదు, పథకంలో మొదటి లైను. కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ముందు రోజు చేసి పెట్టుకోవాల్సినవి: మూడు రోజులకు సరిపడా దోశ పిండి, చెనిక్కాయల పొడి, ఒక సీసా నిమ్మకాయ ఊరగాయ, వేయించి ఉంచిన బొరుగులు. ఇవి ఉంటే ఎవరైనా ఏ పూటైనా కడుపు నింపుకోవచ్చు.

ఒక నమూనా ఇస్తాను.

మొదటి రోజు పొద్దున బయట టిఫిన్. ఇడ్లీ, పొంగల్, వడ ఏదైనా మీ వీధిలో బాగుండే చోటే తినండి, ఊరు దాటి వెదకొద్దు. మధ్యాహ్నం పెరుగన్నం, ఊరగాయ. రాత్రి దోశలు, పోసేది నాన్న.

రెండో రోజు మధ్యాహ్నం సంకటి, ఊరుబిండి. సంకటి గెలకడం మగపిల్లలకు అప్పజెప్పండి, చేతులకు పని తగులుతుంది. ఊరుబిండికి వేయించిన చెనిక్కాయలు, పచ్చిమిరపకాయలు, టమోటా, ఉల్లిపాయ, తెల్లగడ్డ, కాస్త చింతపండు, ఉప్పు. రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. రోలు లేకపోతే మిక్సీలో ఒక్కో తిప్పు తిప్పి ఆపండి. మెత్తగా అయితే అది వట్టి చట్నీ. ఉల్లిపాయ వేసిన బిండి ఈ ఎండలకు మరుసటి రోజుకు నిలవదు, ఆ పూటకే చేసుకోండి.

మూడో రోజు రాత్రి మసాలా బొరుగులు, మామిడిపండ్లు. వంట లేదు. నాలుగో రోజు చిత్రాన్నం. ఐదో రోజు పొద్దున మళ్లీ బయట టిఫిన్, మధ్యాహ్నం నుంచి మామూలు వంట.

గిన్నెల సంగతి: వంట మానేసినా గిన్నెలు మానవు. ఒక్కొక్కరికి ఒక కంచం, ఒక గ్లాసు, దాని మీద పేరు. ఎవరిది వాళ్లే కడుక్కోవాలి. పనిమనిషి ఉన్న ఇళ్లలో కూడా ఇది పాటించండి. ఆ అమ్మాయికీ రెండు రోజులు జీతం కోయకుండా సెలవు ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

హెచ్చరిక: "సెలవులే కదా, ఏదైనా స్పెషల్ చేయి" అనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. బిరియానీ తినాలనిపిస్తే కవరులోంచి డబ్బు తీసి తెచ్చుకోండి.

3. ఇంటిని ముందే సర్దేయండి

కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బ్యాంకు పని, బట్టల ఇస్త్రీ అన్నీ ముందు వారమే అయిపోవాలి. సెలవుల్లో అటక సర్దుదాం అనుకునేవాళ్లు ఉంటారు. వద్దు. అటక దుమ్ము దించితే ఐదు రోజులూ దానికే పోతాయి.

ఫోన్లు పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట తప్ప గంపలో ఉండాలి. పెద్దవాళ్ల ఫోన్లు కూడా. అమ్మానాన్నల చేతిలో ఫోన్ ఉంటే పిల్లల చేతిలోంచి లాక్కోవడం కుదరదు. ఊళ్లో ముసలివాళ్లు ఉండి అర్జెంటు ఫోన్ వస్తుందేమోనని టెన్షన్ ఉంటే, ఒక్క ఫోన్ మాత్రం రింగు పెట్టి హాల్లో ఉంచండి.

4. రోజును ఎండను బట్టి కోయండి

మే నెల తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. కొండ రాయి పగలంతా కాగి రాత్రి దాకా వేడి వదులుతుంది. అందుకని:

- పొద్దున 5.30 నుంచి 9 దాకా బయట పనులు.
- 11 నుంచి 4 దాకా ఇంట్లో, నీడన. మధ్యలో నిద్ర తప్పనిసరి.
- సాయంత్రం 6 నుంచి మిద్దె మీద.

పదింటికి తీరిగ్గా బయల్దేరి పన్నెండింటికి వడదెబ్బ తగిలించుకుని వచ్చేవాళ్లను ఏటా చూస్తున్నాను.

5. మిద్దె మీద రాత్రులు

ఖర్చు లేనిదీ, పిల్లలు ఏళ్ల తరబడి చెప్పుకునేదీ ఇదే. కాస్త వివరంగా చెబుతాను.

సాయంత్రం ఐదున్నరకు ఒకసారి, ఏడింటికి ఇంకోసారి మిద్దె మీద నీళ్లు చల్లండి. ఒక్కసారి చల్లితే ఆవిరి పట్టి ఇంకా ఉక్కగా ఉంటుంది. నీళ్లకు ఇబ్బంది ఉంటే బట్టలు ఉతికిన నీళ్లు పట్టి ఉంచండి. వట్టి కాలు పెట్టి చూసి, గచ్చు చల్లగా తగిలాకే చాప పరవండి.

పిట్టగోడ లేని మిద్దె మీద పిల్లలతో పడుకోవద్దు. దోమల చుట్ట పడకల దగ్గర పెట్టొద్దు, దోమతెర కట్టుకోండి. కపిలతీర్థం, అలిపిరి వైపు ఇళ్లవాళ్లు తిండి పైన వదిలేయకండి, తెల్లారేసరికి కోతులు వచ్చేస్తాయి. మే నెలలో ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది, మెరుపు కనబడగానే కిందికి దిగేయండి.

ఇక చుక్కలు. అమావాస్యకు అటూ ఇటూ రోజులైతే మేలు. మిద్దె మీద లైటు ఆపి, పావుగంట పాటు ఫోన్ వెలుగు కంట పడకుండా కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఉత్తరం వైపు, అంటే కొండ వైపు, తిరగండి. మేలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు కొండ మీద ఎత్తులో, గరిటె ఆకారంలో ఉండే సప్తర్షి మండలం తలకిందులుగా కనబడుతుంది. గరిటె గిన్నె చివర ఉన్న రెండు చుక్కలను కలిపి, ఆ గీతను వాటి మధ్య దూరానికి ఐదింతలు కిందికి సాగదీయండి. అక్కడ మరీ మెరవని చుక్క ఒకటి ఉంటుంది. అదే ధ్రువనక్షత్రం.

సరిగ్గా పట్టుకున్నారో లేదో ఇలా చూసుకోండి. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ధ్రువనక్షత్రం కూడా నేల అంచు నుంచి దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. చేయి బారుగా చాపి పిడికిలి బిగిస్తే అది సుమారు పది డిగ్రీలు. అంటే నేల మట్టం నుంచి ఒకటిన్నర పిడికిలి లోపే. కొండకు బాగా ఆనుకుని ఉన్న వీధుల్లో కొండే అడ్డం పడొచ్చు. అలాంటప్పుడు ఊరికి దక్షిణాన ఉన్న స్నేహితుల మిద్దె ఎక్కండి. గంట తరువాత మళ్లీ చూడండి, మిగతా చుక్కలన్నీ జరిగి ఉంటాయి, ఇది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. జరిగితే మీరు పట్టుకుంది వేరే చుక్క.

గరిటె కాడలో చివరి నుంచి రెండో చుక్క వసిష్ఠుడు, దాని పక్కనే సన్నగా అరుంధతి. పెళ్లిలో పట్టపగలు పురోహితుడు చూపిస్తే "కనబడింది" అని తల ఊపేసిన జంటలన్నీ ఇప్పుడు నిజంగా చూడొచ్చు. పది దాటాక ఆగ్నేయం వైపు చూస్తే ఎర్రగా వెలిగే జ్యేష్ఠ, దాని వెనక వంకీ తిరిగిన తేలు తోక.

అవ్వ, తాత ఉన్న ఇళ్లలో చుక్కల తరువాతి వేళ వాళ్లకు వదిలేయండి. మీరు ఏ కథా ముందే అడగొద్దు. చీకట్లో పడుకుంటే వాళ్లే మొదలుపెడతారు.

6. మధ్యాహ్నాలు

పులిజూదం: నేల మీద సుద్దతో గీయండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను చంపుతుంది, మేకలు చుట్టుముట్టి పులిని కదలకుండా చేయాలి. గీత ఎలా గీయాలో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చేతికి అదే వస్తుంది. వామనగుంటలకు చెక్క పలక లేకపోతే రెండు గుడ్ల అట్టలు కోసి కలిపి పద్నాలుగు గుంటలు చేయండి, ఐదేసి చొప్పున 70 చింతగింజలు చాలు. గవ్వలుంటే అష్టాచెమ్మా.

మామిడిపండ్లు మాగేయడం: సెలవులకు నాలుగైదు రోజుల ముందు దోరగా ముదిరిన బేనీషా (బంగినపల్లి) కాయలు కొనండి. దామలచెరువు వైపు పోయే పని ఉంటే మండీ దగ్గర తీసుకోవచ్చు. వరిగడ్డి దొరికితే దాంట్లో, లేకపోతే పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పేర్చండి. రోజూ ఒకసారి తీసి చూడటం పిల్లల పని. తొడిమ దగ్గర వాసన వచ్చి, భుజం దగ్గర నొక్కితే కాస్త మెత్తబడితే మాగినట్టు. మెత్తబడింది గానీ వాసన లేదంటే ఇంకో రోజు ఆగండి. బజారులో ఒకే తీరుగా పసుప్పచ్చగా మెరుస్తూ, వాసన లేని పండ్లు కొనకండి, కార్బైడ్ వేసి ఉండొచ్చు. తోతాపురి జోలికి పోవద్దు, అది గుజ్జు ఫ్యాక్టరీలకు బాగుంటుంది. పిల్లలకు ఉప్పూకారంతో పచ్చికాయ కావాలంటే మాత్రం అదే.

నన్నారి షర్బత్: గ్లాసుకు రెండు చెంచాల నన్నారి పాకం, అర నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు, చల్లటి కుండ నీళ్లు. పాకంలోనే తీపి ఉంటుంది, చక్కెర వేయకండి.

జాతర వేషాలు: తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలోనే వస్తుంది. మీ సెలవు దాంతో కలిస్తే వేరే పథకమే అక్కర్లేదు, పిల్లలకు వేషం కట్టి గుడికి తీసుకుపోండి. కలవకపోతే ఇంట్లోనే ఒక మధ్యాహ్నం వేషాల పోటీ పెట్టండి: తెల్ల నామం పూసుకుని బైరాగి, కుంకుమతో బండ వేషం, బొగ్గుతో తోటి, గంధంతో దొర. బజారు కుంకుమ కొందరు పిల్లలకు మండుతుంది. ముందు మోచేతి మీద కాస్త పూసి అరగంట చూడండి, ఎర్రబడితే గంధంతోనే కానిచ్చేయండి.

ఏప్రిల్ చివర్లో సెలవు పెట్టుకున్నవాళ్లకు ఇంకొకటి: 26, 27 తేదీల్లో మధ్యాహ్నం 12.10 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. మిద్దె మీద నిటారుగా గ్లాసు బోర్లిస్తే పక్కకు నీడ పడదు. పది నిమిషాల పని, చెప్పులు లేకుండా మాత్రం పైకి పంపకండి.

7. బయటికి ఒకే ఒక్క పూట

ఒకటి చాలు. కింది వాటిలో ఏదో ఒకటి ఎంచుకోండి.

చంద్రగిరి కోట నా మొదటి ఓటు. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. రాజమహల్‌ను కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. "ఇందులో ఎక్కడైనా కట్టె దూలం కనబడుతుందా వెదకండి" అని పిల్లలకు చెప్పి వదిలేయండి, గంట గడిచిపోతుంది. అందులోని మ్యూజియం శుక్రవారం మూత. ఊరి నుంచి పల్లెవెలుగు బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మరిచిపోకండి.

జంతు ప్రదర్శనశాల చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు. గేటు తీసే వేళకే పోవాలి. స్థలం చాలా పెద్దది, ఎండెక్కాక జంతువులూ నీడకు పోతాయి, మీకూ ఓపిక ఉండదు. మంగళవారం సెలవు.

అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, హైస్కూలు పిల్లలకు. చూసేవన్నీ ఎక్కువగా లోపలే కాబట్టి ఎండ బాధ తక్కువ.

తలకోన ఈ ఖర్చులో కుదరదు. యాభై కిలోమీటర్లు దాటి పోవాలి, మే నెలలో జలపాతం సన్నబడి ఉంటుంది. వానలు పడ్డాక వెళ్లండి. కొండను కూడా ఇందులో కలపకండి. దర్శనం దర్శనమే, దానికి వేరే రోజు పెట్టుకోండి. పిల్లలతో అలిపిరి మెట్లెక్కాలని ఉంటే, 2023లో చిరుత దాడుల తరువాత నడకదారిలో వేళల ఆంక్షలు వచ్చాయి, ఇప్పుడు ఎలా ఉన్నాయో కనుక్కుని బయల్దేరండి.

ఎక్కువమంది చేసే తప్పులు

గంట గంటకూ టైం టేబుల్ వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. రోజుకు ఒక పొద్దుటి పని, ఒక సాయంత్రం పని, అంతే. పిల్లలు "బోరు కొడుతోంది" అంటే వెంటనే టీవీ పెట్టేయకండి, ఒక అరగంట ఓర్చుకుంటే వాళ్లే ఏదో ఒక ఆట కనిపెడతారు.

రెండోది, మొదటి రోజే కవరు సగం ఖాళీ చేయడం. మాల్‌లో ఒక సినిమా, పాప్‌కార్న్ అయ్యేసరికి చేతిలో చిల్లర మిగులుతుంది. సినిమా కావాలంటే ఐదో రోజుకు పెట్టుకోండి, మిగిలిన డబ్బును బట్టి.

ఇక హోంవర్కు. ఈ ఐదు రోజులూ దాని పేరెత్తకండి.

సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడం

రెండో రోజు రాత్రి పడుకునే ముందు చూడండి. వంట చేసే మనిషి మధ్యాహ్నం నిద్రపోయిందా? లేదంటే మెట్టు 2 ఎక్కడో తప్పింది, మరుసటి రోజు బయటినుంచి తెప్పించి సరిచేయండి. ఫోన్ సెట్టింగుల్లో వాడిన సమయం తెరిచి మామూలు వారంతో పోల్చండి. సగానికి తగ్గకపోతే గంపను హాల్లోంచి తీసి బీరువాలో పెట్టండి. కవరులో మూడో రోజు రాత్రికి కనీసం 1,200 మిగిలి ఉండాలి.

పిల్లల్ని "ఎంజాయ్ చేశారా?" అని అడక్కండి, అవునంటారు. "రేపు ఏం చేద్దాం?" అని అడగండి. వాళ్ల దగ్గర జవాబు తయారుగా ఉంటే బండి దారిలో ఉన్నట్టే.

ఐదు రోజులు దొరకనివాళ్లు

రెండు రోజులే ఉంటే 1, 2, 5 మెట్లు మాత్రం చేయండి, బయటికి పోవడం మానేయండి. ఒక్క రోజే అయితే పొద్దున టిఫిన్ బయట, మధ్యాహ్నం పులిజూదం, రాత్రి మిద్దె. మిద్దె లేని అపార్ట్‌మెంటు వాళ్లు పైకప్పు తాళం చెవి కోసం వాచ్‌మన్‌కు రెండు రోజుల ముందే చెప్పి పెట్టండి, ఆ రాత్రి పదింటికి అడిగితే ఇవ్వడు.